ముప్పావు అంగుళం పైపు క్లాంపులు: ఆరేళ్లు వాడాక

బెజవాడ పటమటలో ఇంటి వెనక రేకుల షెడ్డులో నా చెక్కపని. టేబుల్ పలకలు, తలుపు చెక్కలు అతికేటప్పుడు జిగురు ఆరేదాకా నొక్కి పట్టడానికి చేతికొచ్చేవి ఈ పైపు క్లాంపులే. ఆరేళ్లు దాటింది. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇవే కొంటాను. కాకపోతే మార్కులు వేయమంటే క్లాంపులకన్నా, పలకలు సమంగా ఉండేలా వాటి మీద అడ్డంగా బిగించే అడ్డకర్రలకే ఎక్కువ వేస్తాను.

వీటిలో మనం కొనేది తల (మర తిప్పి బిగించే భాగం), తోక (పైపు మీద జరిపి కావాల్సిన చోట నిలిపే భాగం) మాత్రమే. పైపు విడిగా తెచ్చుకోవాలి. ఇరవై అడుగుల జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప పైపు) తెచ్చి నాలుగడుగుల ముక్కలు కోయించి, ఆటోనగర్‌లో థ్రెడ్ వేయించుకున్నాను. రెండు చివరలా వేయిస్తే సాకెట్‌తో పొడవు పెంచుకోవచ్చు. అమెరికా కొలతల్లో చేసిన తల మన పైపుకి పడుతుందా అని టెన్షన్ పడక్కర్లేదు. ముప్పావు సైజులో రెండు పద్ధతుల్లోనూ అంగుళానికి 14 మరలే. మర కోణమే తేడా, అక్కడ 60 డిగ్రీలు, ఇక్కడ 55. కొన్ని చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, మన పనికి అది చాలు. పైపు మాత్రం నీలం గీత ఉన్న బి క్లాస్ అడగండి. పసుపు గీతది పలచన, గట్టిగా బిగిస్తే వంగుతుంది.

ఇక విసుగు పుట్టించేది తోక జారడం. లోపల స్ప్రింగు మీదున్న పలకలు ఏటవాలుగా పైపుని కరిచి పట్టుకోవాలి. జీఐ పైపు మీద జింకు పూత నున్నగా ఉంటుంది. జిగురు తడి మీదుండగా టక్కున జారిందంటే అతుకు కదిలిపోతుంది. గరుకు కాగితంతో పైపుని అడ్డంగా రుద్దితే పట్టు బాగా పెరుగుతుంది. జిగురు అంటకుండా పైపుకి మైనం రాయమనే సలహా ఒకటి తిరుగుతుంటుంది, దాని జోలికి పోవద్దు. మైనం ఉన్నచోట తోక నిలవదు. చెక్కకీ పైపుకీ మధ్య పాలిథిన్ ముక్క పరిస్తే సరిపోతుంది. పూత లేని నల్ల పైపు పట్టు బాగుంటుంది కానీ, తడి జిగురు తగిలిన చోట టేకు, తుమ్మ చెక్కల మీద నల్ల మచ్చ పడుతుంది. ఇనుముకీ చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థానికీ పడదు. ఆ మచ్చ చిత్రిక పడితే గానీ పోదు.

పలకలు విల్లులా లేస్తున్నాయని చాలామంది క్లాంపుని తిడతారు. పైపు ఒకవైపే ఉంటే లేవక ఏం చేస్తాయి? ఒకటి కింద, ఒకటి పైన మార్చి మార్చి పెట్టాలి. అడ్డకర్రల సంగతి అసలు చెప్పాల్సింది. రెండంగుళాల టేకు పట్టీ తీసుకుని, మధ్యలో ఒక మిల్లీమీటరు ఎత్తుండేలా రెండు చివరలకీ చిత్రిక పట్టి, ఆ ముఖానికి ప్యాకింగ్ టేపు అంటించాను. పలకల మీద ఒకటి, కింద ఒకటి పెట్టి చివరలు బిగిస్తే, ఉబ్బు అణిగి నడిమి పలకల్ని కూడా సమంగా నొక్కుతుంది. ఇవి వచ్చాక అతికిన తర్వాత చిత్రిక పట్టే పని సగానికి సగం తగ్గింది.

పక్కనే కొండపల్లిలో బొమ్మ ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అది సందు నింపుతుంది. ఫెవికాల్ నింపదు, అంచులు ముందే కలిసి ఉండాలి. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసినప్పుడు సందు కనిపిస్తే క్లాంపుతో లాగి మూయకండి, ఆ చెక్క ఎప్పటికైనా విడిపోతుంది. జిగురు గీత పొడవునా చిన్న చిన్న బొట్లు వస్తే బిగింపు చాలినట్టే. ఒకచోట ధారగా కారి, పక్కన పొడిగా ఉంటే క్లాంపులు దగ్గరికి జరపండి.

మే నెలలో బెజవాడ ఎండకి జిగురు రాస్తుండగానే పైన పొర కడుతుంది. అందుకే తెల్లవారుజామున, ఫ్యాను ఆపి అతుకుతాను. జిగురు లేకుండా ఒకసారి అన్నీ బిగించి చూసుకుని, ఏ క్లాంపు ఎక్కడో అక్కడే పెట్టుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

బరువు మాత్రం బరువే. పెద్ద పలక ఒక్కడే తిప్పాలంటే నడుం పట్టేస్తుంది. చిన్న పెట్టెలకి, డ్రాయర్లకి ఇవి దండగ, అక్కడ ఎఫ్ క్లాంపు (ఎఫ్ అక్షరంలా ఉండి, ఇనప పట్టీ మీద జరిగే చిన్న క్లాంపు) చాలు. అది కొనేముందు మర పూర్తిగా బిగించి చూడండి. దాని ఇనప పట్టీ కంటికి కనిపించేలా వంగితే ఎంత చవకైనా షాపులోనే వదిలేయండి.