సంగీత సభల ‘దెయ్యాల నడక’ టికెట్లు కొనబోయేవారికి హెచ్చరిక

చెన్నైలోని పాత సంగీత సభా భవనాల్లో రాత్రిపూట తిప్పి, అక్కడి దెయ్యాల కథలు, సిబ్బంది తరతరాలుగా చెప్పుకొనే వింతలు వినిపిస్తామంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్న టికెట్లను మా కుటుంబం కొన్నది. నలుగురికి తలా ₹1,499 చొప్పున ₹5,996, అక్కడికి వెళ్ళాక ‘పరికరం అద్దె’ పేరుతో మరో ₹600, మొత్తం ₹6,596 పోయాయి. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది కాబట్టి నిర్వాహకుల పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం తక్కువే, ఎందుకో చివర తెలుస్తుంది. నేను ప్రస్తావించబోయే భవనాలకు గానీ, వాటిని నిర్వహించేవారికి గానీ ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదని ముందే స్పష్టం చేస్తున్నాను.

ప్రకటనలో ఉన్నవి మూడు వాగ్దానాలు. మొదటిది, ప్రత్యేక అనుమతితో భవనాల లోపలికి, వేదిక వెనుక గదుల దాకా ప్రవేశం. రెండవది, ఆ భవనాల్లో పనిచేసిన వ్యక్తి నోటనే కథలు. మూడవది, ‘ఇంతవరకు ఎక్కడా వినని మద్రాసు కథలు’. దెయ్యాలపై నాకు నమ్మకం లేదు గాని, కథలపై ఉంది. ముప్ఫై ఏళ్ళుగా మార్గళి (ధనుర్మాసపు) కచేరీలకు వెళుతున్నవాణ్ణి కావడం వల్ల, ఆ గోడల వెనుక పనిచేసినవారు ఏం చెప్పుకుంటారో వినాలన్న కుతూహలంతో, నెల్లూరు నుంచి వచ్చిన మా చెల్లెలినీ, బావగారినీ, మేనల్లుణ్ణీ వెంటబెట్టుకొని జనవరిలో ఒక శనివారం రాత్రి ఎనిమిది గంటలకు సెంట్రల్ స్టేషను ఎదుట నిలబడ్డాను.

లోపలికి ప్రవేశం అన్న మాట మొదటి పది నిమిషాల్లోనే తేలిపోయింది. రిప్పన్ భవనం పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలు ప్రహరీ బయట, కాలిబాట మీద, ఇరవైమందిమి ఒకరినొకరు రాసుకుంటూ నిలబడ్డాం. అనుమతి పత్రం చూపమని బావగారు అడిగితే, ఆత్మలను బయటి నుంచే బాగా గ్రహించవచ్చునని గైడ్ సమాధానమిచ్చాడు. ఆ తరువాత వ్యానులో ఆర్మేనియన్ వీధికి తీసుకెళ్ళి, గోఖలే హాలు ముందు కూడా అలాగే వీధిలోనే నిలబెట్టారు. రాత్రి పదకొండు గంటల వరకు మేము దాటిన గడప ఒక టీ కొట్టుది మాత్రమే.

దానిని కూడా సహించేవాణ్ణేమో, కథలు సొంతవైతే. అసలు మోసం అక్కడే ఉన్నది.

మొదటి కథ ప్రకారం, విక్టోరియా హాలు బాల్కనీలో బూడిద రంగు అంగీ తొడుక్కొని, మూడు మూలల టోపీ పెట్టుకొన్న ఒక పురుషుడు కనిపిస్తాడనీ, అతడు కనిపించిన ప్రదర్శన తప్పక విజయవంతమవుతుందనీ గైడ్ గొంతు తగ్గించి చెప్పాడు. మద్రాసు ఎండలో ఒంటినిండా అంగీ తొడుక్కొనే దెయ్యం ఏ దేశానిదై ఉంటుందా అని నేను ఆలోచిస్తుండగానే, మా మేనల్లుడు ఫోనులో వెదికి, “మామయ్యా, ఇది లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్ దెయ్యం” అని నా చెవిలో అన్నాడు. నిజమే. అక్కడి బూడిదరంగు మనిషి కథ నాటకరంగంలో పేరుమోసినది. అంగీ, టోపీ, ప్రదర్శనకు శుభశకునం, అన్నీ అచ్చంగా అవే. పైగా ఆ లండన్ దెయ్యం పట్టపగలు కనిపిస్తుందని ప్రసిద్ధి. దాన్ని రాత్రి డ్యూటీకి మార్చిన ఘనత మాత్రం మన గైడుకే దక్కాలి.

రెండవ కథలో ఒక హార్మోనియం మరమ్మతుదారు వచ్చాడు. తన వాద్యాన్ని ఎవరైనా విప్పితే కోపంతో మెట్ల మీద తిరుగుతాడట. లండన్‌లో 1871లో ప్రారంభమైన రాయల్ ఆల్బర్ట్ హాలుకు హెన్రీ విల్లిస్ అనే ఆయన పెద్ద పైపు ఆర్గాన్ నిర్మించాడు. తరువాతి కాలంలో దానికి మరమ్మతులు జరుగుతున్నప్పుడు ఆయన ఆత్మ అక్కడ తిరిగిందని ఆ హాలు సిబ్బంది చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. ఆర్గాన్ తీసి హార్మోనియం పెట్టినంత మాత్రాన అది మద్రాసు కథ అయిపోదు.

మూడవది విన్నాక నేను నోరు విప్పక తప్పలేదు. కూవం నదిలో పడవలు నడిపిన ఒక దొర, భక్తి ప్రసంగం విని మారిపోయి, పాపపరిహారంగా విక్టోరియా హాలు కట్టించాడనీ, లోపల అసభ్యమైన ఆటపాటలు జరిగితే ఇప్పటికీ చప్పుళ్ళు చేసి అడ్డుపడతాడనీ చెప్పాడు. ఇది అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 1892లో వెలసిన రైమన్ ఆడిటోరియం కథ. ఆవిరి పడవల యజమాని టామ్ రైమన్ ఒక మతబోధకుడి ప్రసంగం విని మారి, ప్రార్థన సభల కోసం దాన్ని కట్టించాడు. అది తరువాత ఆ దేశపు కంట్రీ సంగీతానికి ‘మాతృ చర్చి’గా పేరు తెచ్చుకొన్నది. విక్టోరియా హాలుకు 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. నమూనా గీసినది రాబర్ట్ చిషోమ్. కట్టినది నంబెరుమాళ్ శెట్టి. మన తెలుగువారి పేరు చెక్కిన పునాదిని ఎవరో పడవల దొరకు రాసిచ్చేస్తే, నెల్లూరు నుంచి వచ్చిన పిల్లవాడి ముందు ఎలా ఊరుకోగలను? ఆ మాటే అడిగితే, “చరిత్ర వేరు సార్, ఎనర్జీ వేరు” అన్నాడు.

ఆ హాలులో నిజంగా చెప్పదగిన సంగతులకు కొదువా? బళ్ళారి నుంచి వచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి తెలుగు నాటకాలు చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియార్ 1891లో సుగుణ విలాస సభ స్థాపించారు. ఆ సభ నాటకాలు ఈ హాలులో ఎన్నో ఆడాయి. తమిళ నాటకరంగపు ఒక పెద్ద మలుపుకు తెలుగు నాటకం కారణమైందని చెబితే, ఆ రాత్రి అక్కడున్న ఇరవైమందిలో సగం మందికి ఒళ్ళు జలదరించేది. దానికి దెయ్యం అవసరం లేదు.

ఇక పరికరం సంగతి. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, అయిదు దీపాలు. ఆత్మ దగ్గరకు వస్తే ఎర్ర దీపం వెలుగుతుందన్నారు. అది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, జేబులోని సెల్‌ఫోను, ఏది దగ్గరున్నా అది వెలుగుతుంది. గోఖలే హాలు ముందు వీధిలో అది ఎర్రగా వెలిగినప్పుడు మా చెల్లెలు భయపడిన మాట వాస్తవం. బావగారు తలెత్తి చూపించిన చోట విద్యుత్ శాఖవారి పెట్టె ఉన్నది. రెండు పరికరాలకు ₹300 చొప్పున ఇచ్చింది దానికోసమే.

చివరగా ‘నలభై ఏళ్ళు సభలో పనిచేసిన పెద్దమనిషి’ అని ఒకరిని ప్రవేశపెట్టారు. భుజాన కండువా, నుదుట విభూతి, వణికే గొంతు, అన్నీ కుదిరాయి. ఏ సభలో పనిచేశారని అడిగాను, చాలా సభల్లో అన్నాడు. కచేరీలో తని ఆవర్తనం, అంటే ప్రధాన కృతి వెంట వచ్చే మృదంగం వంటి తాళవాద్యాల ప్రత్యేక వాదన, ఎప్పుడు వస్తుందని అడిగాను, విరామం తరువాత అన్నాడు. నెలరోజులు సైకిల్ స్టాండులో కూర్చున్నవాడు కూడా ఆ జవాబు ఇవ్వడు. తని మొదలు కాగానే జనం క్యాంటీను వైపు లేచిపోతారన్నది సభలో స్టాండు చూసుకొనేవారికి మొట్టమొదట తెలిసే సంగతి.

మరుసటి రోజు సాయంత్రం, మనసు కుదుటపడక, నేను తరచు వెళ్ళే ఒక సభలో తెర లాగే పని చేసి రిటైరైన ఒక పెద్దాయనను కాఫీ దగ్గర అడిగాను. ఆయన పూర్వులు గుంటూరు వైపువారు, తెలుగు ఇంకా మిగిలింది. “దెయ్యమా సార్? తంబూరా ఉందిగా” అన్నాడు నవ్వుతూ. కచేరీ అయిపోయి అందరూ వెళ్ళాక, తాళం వేసిన గదిలో తంబూరా ఒక్కసారి ‘టుంగ్’మంటుందట. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు పరుగెత్తుకొచ్చేవారట. పాతవారు వాళ్ళకు ఏమీ చెప్పకుండా, ఆమెకు నిద్ర పట్టలేదు, వెళ్ళి పలకరించి రా అని మళ్ళీ లోపలికి పంపేవారట. ఏసీ ఆపగానే గదిలో వేడి, తేమ మారి, కర్రలో వచ్చే మార్పుకు బిరడ (తీగను బిగించే మర) జారి తీగ సడలే చప్పుడది. అవతల గదిలో మృదంగం శ్రుతి చేస్తుంటే ఇవతల ఎవరూ ముట్టని తంబూరా తీగలు సన్నగా పలకడం కూడా ఆయన చూశాడు. ఒకే శ్రుతిలో ఉన్న తీగ గాలిలోని కంపనానికి తానూ స్పందిస్తుందని మనకు తెలుసు. తెలిసినా, చీకట్లో ఒంటరిగా విన్నవాడి వెన్ను చల్లబడకుండా ఉండదు. ఆయన ఆ తంబూరాను ‘ఆమె’ అనే అన్నాడు, ఒక్కసారి కూడా ‘అది’ అనలేదు. నాకు కావలసిన కథ అదే. నేను దానికి చెల్లించినది రెండు కాఫీల ధర.

డబ్బు విషయానికి వస్తే, తిరిగి ఇవ్వమని అడిగిన రోజే ‘టికెట్ రద్దు లేదు, వాపసు లేదు’ అనే వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపారు. కొనేవాడు రద్దు చేసుకొంటే వర్తించే షరతు అది. అమ్మినవాడు చెప్పిన సేవే ఇవ్వనప్పుడు దాని వెనుక దాక్కోవడానికి వీలు లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటననూ, సేవాలోపాన్నీ ఫిర్యాదుకు కారణాలుగా గుర్తిస్తుంది. నేను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము ₹5 లక్షల లోపైతే రుసుము లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. ఆ చట్టం ప్రకారం మనం నివసించే ఊళ్ళోనే వేసుకోవచ్చు కాబట్టి నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి మోసపోయినవారు దీనికోసం మళ్ళీ చెన్నై రానక్కరలేదు. నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి: వాళ్ళు పంపిన క్యూఆర్ కోడుకు యూపీఐలో చెల్లించాను. డబ్బు చేరినది ఒక వ్యక్తి ఖాతాకు, బిల్లు రాలేదు. క్రెడిట్ కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకు ద్వారా వివాదం లేవనెత్తే అవకాశమైనా ఉండేది.

ఇటువంటి టికెట్టు కొనేముందు, లోపలికి అనుమతి ఇచ్చినవారు ఎవరో రాతపూర్వకంగా అడగండి. ఆ భవనం కార్యాలయానికి ఒక్క ఫోను చేస్తే నిజం తెలిసిపోతుంది. ప్రకటనలో ఉన్న కథను నాలుగు ముక్కలు ఇంగ్లీషులో వెదకండి, మా మేనల్లుడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రకటనను వెంటనే ఫోటో తీసి దాచుకోండి. నేను అడిగిన మర్నాడే వాళ్ళ పేజీలో ‘లోపలికి ప్రవేశం’ అన్న మాట మాయమై ‘పరిసరాల అనుభవం’ అయింది. అదృష్టవశాత్తు చెల్లెలి ఫోనులో పాతది మిగిలింది, ఫిర్యాదుకు జతచేసినది అదే. నగరంలో నిజాయతీగా చరిత్ర నడకలు జరిపేవారు ఉన్నారు, వారి నడకల్లో నేనూ నడిచాను. వారిని దీనితో కలపవద్దు.

ఫిర్యాదు వెళ్ళాక నిర్వాహకులు సగం సొమ్ముకు ‘తరువాతి నడక కూపన్లు’ ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. మొన్న అదే ప్రకటన కొత్త పేరుతో కనిపించింది. ఈసారి స్థలం ఎగ్మూరు మ్యూజియం థియేటర్, టికెట్టు ₹1,799. బొమ్మ మాత్రం మారలేదు: ఎర్ర తెర, ఖాళీ బాల్కనీ, ఎడమ చివర మూడు మూలల టోపీ పెట్టుకొన్న నీడ. పేరు ఏదైనా, ఆ టోపీ కనిపిస్తే అది వీళ్ళేనని గుర్తుపట్టండి.