ఆర్‌ఎఫ్‌సీ రాయడానికి మార్క్‌డౌన్ మేలా, ఎక్స్‌ఎంఎల్ మేలా?

ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాలు తయారయ్యే ఐఈటీఎఫ్‌లోంచి వచ్చే పత్రం. మార్క్‌డౌన్ అంటే మామూలు టెక్స్టుకు కొన్ని గుర్తులు చేర్చి రాసే పద్ధతి, ఎక్స్‌ఎంఎల్ అంటే ప్రతి ముక్కనీ ట్యాగుల మధ్య పెట్టి రాసేది. డ్రాఫ్ట్‌ను, అంటే ఆర్‌ఎఫ్‌సీ చిత్తుప్రతిని, ఐఈటీఎఫ్‌లో ఒక వర్కింగ్ గ్రూపు తన పనిగా తీసుకుందో లేదో, అడిగే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్, బెంగళూరు నెట్‌వర్కింగ్ టీముల్లో ఉన్న మనవాళ్లు నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. నేనేదో చెబుతాను, మళ్లీ వారం తిరక్కుండానే "ఫలానా ఆయన ఇంకోలా చెప్పాడండీ" అంటూ వస్తారు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. చాలామంది డ్రాఫ్ట్ రాసేటప్పుడు ఏది సుఖమో అది చెబుతారు. నేను మాత్రం ఐఈటీఎఫ్‌లో పత్రాలకు చివరి ఆమోదం ఇచ్చే ఐఈఎస్‌జీ కమిటీ ఆమోదించాక, పత్రం ఆర్‌ఎఫ్‌సీ ఎడిటర్ల చేతికి వెళ్లాక ఏమవుతుందో చూసి చెబుతాను. తేడా అంతా అక్కడే ఉంది.

రాసేటప్పుడు

ఈ దశలో మార్క్‌డౌన్‌కు తిరుగులేదు. మార్క్‌డౌన్‌ను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చడానికి కార్‌స్టెన్ బోర్మన్ తయారుచేసిన క్రామ్‌డౌన్-ఆర్‌ఎఫ్‌సీ అనే పనిముట్టు ఉంటే, కర్లీ బ్రాకెట్ల మధ్య ఆర్‌ఎఫ్‌సీ నంబరు వేస్తే చాలు, రిఫరెన్సు వివరాలన్నీ అదే తెచ్చి పెడుతుంది. మస్ట్ (చేసి తీరాలి), షుడ్ (చేయడం మంచిది) లాంటి మాటల అర్థం చెప్పే బీసీపీ 14 పేరా ఒక్క లైనుతో వచ్చేస్తుంది. పెద్దక్షరాల్లో రాసే ఆ మాటలకు ట్యాగులు కూడా తనే తొడుగుతుంది. గీతలూ ప్లస్ గుర్తులతో గీసిన ప్యాకెట్ బొమ్మను ఎస్‌వీజీగా మార్చి హెచ్‌టీఎంఎల్‌లో చూపించగలదు. పదిమంది కలిసి ఫైళ్లు దిద్దుకునే గిట్‌హబ్ సైటు కోసం మార్టిన్ థామ్సన్ చేసిన టెంప్లేటు తగిలిస్తే, మార్పు ఎక్కించిన ప్రతిసారీ చదువుకోవడానికి వీలైన ప్రతి తయారవుతుంది. వర్కింగ్ గ్రూపులో ఎవరైనా ఒక వాక్యం మార్చాలనుకుంటే చిన్న పుల్ రిక్వెస్టు (మార్పు ప్రతిపాదన) పంపుతారు, తేడాలు చూపించే డిఫ్‌లో ఆ వాక్యమే కనిపిస్తుంది. కొత్తవాళ్లు చెయ్యి పెట్టడానికి జంకరు. ఇది చిన్న లాభం కాదు.

ఎక్స్‌ఎంఎల్ సంగతి వేరు. 1999లో మార్షల్ రోజ్ ఆర్‌ఎఫ్‌సీ 2629తో మొదలైన ఈ పద్ధతి, 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7991తో వెర్షన్ 3కి వచ్చింది. చేత్తో రాయడం నిజంగా విసుగే. నాలుగు వరుసల టేబుల్‌కి కూడా గడి గడికీ ట్యాగు తెరిచి మూయాలి. లెస్‌దెన్ గుర్తు కనబడితే దానికో ఎస్కేపు. కానీ ఎక్స్‌ఎంఎల్‌లో ఏది రాస్తే అదే ఉంటుంది. మార్క్‌డౌన్‌లో లిస్టు లోపల లిస్టు, దానిలో రెండో పేరా పెట్టి చూడండి. ఒక్క స్పేసు తగ్గినా ఆ పేరా లిస్టులోంచి బయటపడుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. నియమం నంబర్ 3 కింద ఉండాల్సిన షరతు మొత్తం సెక్షన్‌కి వర్తించినట్టు అచ్చవుతుంది. ప్రోటోకాల్ పత్రంలో అది అలంకారం తప్పు కాదు, అర్థం తప్పు.

నాణ్యతలో ఏది ఎక్కువని అడిగితే, ఏదీ కాదు. 2021 మేలో వచ్చిన క్విక్ అనే రవాణా ప్రోటోకాల్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 9000, 150 పేజీలు దాటిన పత్రం. అది మార్క్‌డౌన్‌లో పెరిగింది. 2022 జూన్‌లో వచ్చిన హెచ్‌టీటీపీ సెమాంటిక్స్, ఆర్‌ఎఫ్‌సీ 9110, దాదాపు 200 పేజీలు. అది ఎక్స్‌ఎంఎల్‌లోనే పెరిగింది. రెండూ గిట్‌హబ్‌లో ఉన్నవే, రెంటికీ చేయి తిరిగిన సంపాదకులున్నారు. పక్కపక్కన పెట్టి చదివితే ఏది దేంట్లో రాశారో పోల్చుకోలేరు.

ఆమోదం తర్వాత

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. 2019 చివర్లో, ఆర్‌ఎఫ్‌సీ 8650 దగ్గర నుంచి, అచ్చయ్యే ఆర్‌ఎఫ్‌సీకి మూలం ఎక్స్‌ఎంఎల్లే. టెక్స్టు, హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ అన్నీ దానిలోంచి పుట్టేవే. కాబట్టి మీరు ఎందులో రాసినా ఎడిటర్లు చెయ్యి పెట్టేది మామూలుగా ఎక్స్‌ఎంఎల్ మీదే. వాళ్లు చేసేది అక్షరదోషాలు దిద్దడమొక్కటే అనుకోకండి. రిఫరెన్సులు ఇప్పటి స్థితికి తెస్తారు, ప్రోటోకాళ్ల పేర్లూ నంబర్లూ నమోదుచేసే ఐయానా రిజిస్ట్రీలోని పేర్లతో మీ టేబుల్‌ని సరిచూస్తారు, ఒకే పదాన్ని మీరు మూడు రకాలుగా రాసి ఉంటే పట్టుకుంటారు. తేల్చుకోలేని చోట ఎక్స్‌ఎంఎల్‌లోనే కామెంటుగా ఒక ప్రశ్న పెడతారు. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: టైటిల్లో లేని కీవర్డులు ఏమైనా ఉంటే ఇవ్వండి, వెతికేవాళ్లకు పనికొస్తాయి అని. తర్వాతవి పత్రాన్ని బట్టి ఉంటాయి.

ఒకటి చూపిస్తాను. "సందేశాన్ని వదిలేసి, లాగ్‌లో నమోదు చేసి తీరాలి, అది చెడిపోయి ఉంటే" అనే తీరులో ఇంగ్లిష్ వాక్యం ఉందనుకుందాం. మస్ట్ అనే మాట మొదటి క్రియ ముందే ఉంది. ఎడిటర్ అడిగేది: చెడిపోయి ఉంటేనన్న షరతు రెండు పనులకూ వర్తిస్తుందా? లాగ్ చేయడం కూడా మస్టేనా? మీకు జవాబు తెలిసిందే అనిపిస్తుంది. సహరచయితను అడిగితే ఆయన జవాబు వేరేగా వస్తుంది. అప్పటికి అమలు చేసిన రెండు కంపెనీల కోడులోనూ అది రెండు రకాలుగా ఉంటుంది. ఇక ఇది భాష దిద్దుబాటు కాదు, సాంకేతిక మార్పు. ఐఈఎస్‌జీలో ఆ విభాగం చూసే ఏరియా డైరెక్టర్ సరేననాలి. ఆర్‌ఎఫ్‌సీ అచ్చయ్యాక అందులో చెప్పింది మారదు, ఎర్రాటా (తప్పొప్పుల పట్టిక) మాత్రమే వేసుకోగలం. కాబట్టి ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులివ్వడమే ఈ దశలో అసలు పని.

మార్క్‌డౌన్‌తో చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఆథ్-48 అంటే ప్రచురణకు ముందు రచయితలు చివరిసారి సరిచూసుకునే దశ. ఎడిటర్లు దానికి పంపిన ఎక్స్‌ఎంఎల్ వాళ్ల దగ్గర, మీ మార్క్‌డౌన్ గిట్‌హబ్‌లోని మీ రెపోలో. మూలప్రతులు రెండయ్యాయి. చాలామంది చేసేదేమిటంటే, ఎడిటర్ల డిఫ్ చూసుకుంటూ ఆ మార్పులన్నీ మార్క్‌డౌన్‌లోకి ఎక్కించి, తమ జవాబులు కూడా అందులోనే రాసి, మళ్లీ ఎక్స్‌ఎంఎల్ పుట్టించి పంపుతారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ డిఫ్‌లో కంటికి ఆనని దిద్దుబాట్లు ఆ దారిలో ఎగిరిపోతాయి: కీవర్డులు, లోపలి లింకులు చేరే యాంకర్ పేర్లు, రిఫరెన్సుల్లో సరిచేసిన ఇనిషియల్స్, ఇంకా తేలని ప్రశ్నల కామెంట్లు. ఎడిటర్ మొదటికొచ్చి అన్నీ సరిచూసుకోవాలి. రెండు పడవల మీద కాళ్లంటే ఇదే.

క్రామ్‌డౌన్ తను పుట్టించిన ఎక్స్‌ఎంఎల్ చివర అసలు మార్క్‌డౌన్‌ను కుదించి కామెంటుగా దాస్తుంది కదా, తర్వాత దాన్ని బయటికి తీసుకోవచ్చు కదా అని ఒకరిద్దరు అన్నారు. తీసుకోవచ్చు. వచ్చేది మీరు రాసిన ప్రతే, ఎడిటర్ల చెయ్యి పడిన ప్రతి కాదు. రేపు బిస్ పత్రం, అంటే అదే ఆర్‌ఎఫ్‌సీకి సవరించిన ప్రతి, రాయాల్సి వస్తే మొదలుపెట్టాల్సింది అచ్చయిన ఎక్స్‌ఎంఎల్ దగ్గరే.

అందుకని నా పద్ధతి ఇది. వర్కింగ్ గ్రూపులో ఉన్నంతకాలం మార్క్‌డౌన్. ఐఈఎస్‌జీ ఆమోదం వచ్చిన రోజున మార్క్‌డౌన్‌కు రెపోలో వెర్షన్ గుర్తు వేసి తాళం పెట్టేయడం. ఆ తర్వాత ఎక్స్‌ఎంఎల్ ఒక్కటే ప్రతి. రెపోలో పాత ఫైలు తెరిచి ఒక్క కామా కూడా మార్చను. ఎవరైనా పుల్ రిక్వెస్టు పంపితే మూసేసి, ఆథ్-48 మెయిల్లో చెప్పమంటాను. కొందరికి ఇది మొండితనంలా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

దీనికి ఒక మినహాయింపు ఈ మధ్యనే వచ్చింది. ఈ ఎడిటర్లు పనిచేసే ఆర్‌ఎఫ్‌సీ ప్రొడక్షన్ సెంటర్ ప్రయోగాత్మకంగా క్రామ్‌డౌన్‌లోనే ఎడిటింగ్ చేయడానికీ, ఆథ్-48ని గిట్‌హబ్‌లో నడపడానికీ ముందుకొచ్చింది. పత్రం క్యూలో చేరగానే పంపే ప్రశ్నల మెయిల్లోనే కావాలా అని అడుగుతారు. క్రామ్‌డౌన్ ఎంచుకుంటే బయటి ఫైళ్లను లాక్కోకుండా మొత్తం తనలోనే ఉన్న ఒకే మార్క్‌డౌన్ ఫైలు ఇవ్వాలి. అప్పుడు మూలప్రతి ఒకటే కాబట్టి నా అభ్యంతరం సగానికి సగం పోతుంది. మిగతా సగం ఎందుకంటే, చివరికి ఎక్స్‌ఎంఎల్‌కి మారాల్సిందే, ఆ మార్పులో టేబుళ్లూ లిస్టులూ ఎలా వచ్చాయో మళ్లీ కళ్లు చికిలించి చూడాలి. అయినా మార్క్‌డౌన్‌కు అలవాటుపడ్డ బృందమైతే అడిగి తీసుకోండి.

జవాబు ఎలా పంపాలి

ఆథ్-48లో రెండు దారులున్నాయి: ఓల్డ్, న్యూ అని పాత వాక్యం, కొత్త వాక్యం రాసి మెయిలు పెట్టడం, లేదా వాళ్ల ఎక్స్‌ఎంఎల్‌ను మీరే దిద్ది పంపడం. రెండూ పంపక్కర్లేదు, ఏదో ఒకటి చాలు. నేను మొదటిదానివైపే. ఓల్డ్-న్యూ జాబితా అందరికీ కనిపించే మెయిల్లో ఉంటుంది, సహరచయితలు ఫోనులోనే చదివి "ఇది ఒప్పుకోను" అనగలరు, ఆ మాటలు ఆథ్-48 ఆర్కైవులో నిలిచిపోతాయి. దిద్దిన ఫైలు పంపితే డిఫ్ తెరిచేదెవరు? మార్పులు మరీ ఎక్కువైనప్పుడు, టేబుల్ మొత్తం తిరగరాయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఫైలే నయం. అప్పుడు కూడా వాళ్లు పంపిన ఫైలునే తీసుకోండి, మీ దగ్గరున్న పాతదాన్ని కాదు. గిట్‌హబ్ దారిలో ప్రశ్నకో ఇష్యూ (విడి చర్చ) ఉంటుంది కాబట్టి పంచుకోవడం తేలిక, కానీ రచయితల్లో ఒక్కరికి గిట్‌హబ్ పడకపోయినా చర్చ రెండు చోట్లకు చీలుతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. మీక్ గీబెన్ ఎంమార్క్ గో భాషలో రాసిన మంచి పనిముట్టే, దానికి అలవాటుపడి ఉంటే మారక్కర్లేదు. వర్డ్ టెంప్లేటు, ఎన్‌రాఫ్ లాంటి పాత పద్ధతులు వాడేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్లకు నా సలహా అక్కర్లేదు. ప్యాన్‌డాక్ దారి కూడా ఒకప్పుడుండేది.

నెట్‌వర్క్ పరికరాల డేటాను వర్ణించే యాంగ్ భాషలో రాసిన మాడ్యూల్ పత్రంలో సగం ఆక్రమించి ఉంటే మొదట్నుంచీ ఎక్స్‌ఎంఎల్‌లోనే రాయమంటాను. కోడ్ లైను 69 అక్షరాలు దాటితే వచ్చే వార్నింగు, కోడ్ మొదలైన చోటు చూపే కోడ్ బిగిన్స్ మార్కర్లు, లైన్లు మడతపెట్టడం, ఇవన్నీ కంటి ముందుంటాయి. ఒక్కరే రచయిత, పదిహేను పేజీల పత్రమైనా అంతే, మధ్యలో మార్చుకునే శ్రమ ఎందుకు? పది మంది చెయ్యి పెట్టే పత్రమైతే మార్క్‌డౌన్ తప్ప వేరే మాట లేదు.

దేంట్లో రాసినా ఎడిటర్లకు ఇచ్చేముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. నార్మటివ్ రిఫరెన్సుల్లో, అంటే అమలు చేయాలంటే తప్పక చదవాల్సిన వాటిలో, ఇంకా డ్రాఫ్టుగా ఉన్నదేదైనా ఉంటే మీ పత్రం దాని కోసం ఎదురుచూస్తూ మిస్‌రెఫ్ అనే స్థితిలో కూర్చుంటుంది. 2021 జనవరిలో బయటపడిన బ్రౌజర్లలో నేరుగా ఆడియో, వీడియో నడిపే వెబ్‌ఆర్‌టీసీ పత్రాల గుంపు ఇలాగే ఒకదాని కోసం ఇంకొకటి ఏళ్ల తరబడి ఆగింది. నిజంగా నార్మటివేనా అని ముందే గట్టిగా ప్రశ్నించుకోండి. ఎవరెవరు అమలు చేశారో చెప్పే ఇంప్లిమెంటేషన్ స్టేటస్ సెక్షన్ మీద "ప్రచురణకు ముందు తీసేయండి" అన్న గమనిక ఉందో లేదో చూడండి.

పేరు సంగతి మనవాళ్లకు ప్రత్యేకం. ఎక్స్‌ఎంఎల్‌లో ఇనిషియల్స్, సర్‌నేమ్ విడివిడి గడులు. మొదటి పేజీలో ఇనిషియల్, దాని పక్కన సర్‌నేమ్ పడతాయి, రిఫరెన్సుల్లో సర్‌నేమ్ ముందుకొస్తుంది. ఇంటిపేరును సర్‌నేమ్ గడిలో పెడితే లోకమంతా మిమ్మల్ని ఇంటిపేరుతోనే ఉదహరిస్తుంది. అలా కాకుండా ఇంటిపేరు పొడి అక్షరంగా, సొంతపేరు పూర్తిగా ఉండాలనుకుంటే గడులు అటుదిటు చేయాలి. ఏదైనా సరే, పాత ఆర్‌ఎఫ్‌సీల్లో వాడినట్టే ఇప్పుడూ వాడండి. తెలుగు లిపిలో కూడా పేరు వేసుకోవచ్చు, పక్కన లాటిన్ అక్షరాల రూపం ఉండాలి. మొదటి పేజీలో అయిదుగురు దాటితే కారణం చెప్పాల్సి వస్తుంది.

ఇంకొకటి, ఆథ్-48 అంటే నలభై ఎనిమిది గంటలని పేరే గానీ, ప్రతి రచయితా విడిగా సరేనని మెయిలు పెట్టేదాకా అది కదలదు. వారాలు పట్టడం మామూలే. కంపెనీ మారిన సహరచయిత పాత మెయిలు ఐడీ ఇంకా పత్రంలో ఉందేమో ఈ రోజే చూడండి. ఆయన దొరక్కపోతే ఏరియా డైరెక్టర్‌ను అడగాలి, లేదా ఆయన పేరును కాంట్రిబ్యూటర్స్‌లోకి మార్చాలి, ఆ సంప్రదింపులకు పట్టే టైము మీ ఎక్స్‌ఎంఎల్ దిద్దడానికి పట్టే టైము కన్నా ఎక్కువ.