రొయ్యల చెరువులో యూనిట్ కొనుక్కోమంటే డబ్బులు ఇవ్వబాకండి, మాకు జరిగింది చదవండి

నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు ఉండేవాళ్ళు రెండు నిమిషాలు టైమ్ తీసుకుని ఇది చదవండి. "రొయ్యల చెరువులో యూనిట్ కొనండి, మీరు ఏం చెయ్యక్కర్లా, నెలనెలా అకౌంట్లో పడతాయి, ప్యాసివ్ ఇన్‌కమ్" అని ఎవరన్నా వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వబాకండి. తెలిసినోళ్ళు చెప్పారు గదా అని అసలు నమ్మబాకండి, ఎందుకంటే నేను కూడా ముగ్గురికి తెలిసినోణ్ణే, నేను చెప్పబట్టే వాళ్ళు కట్టారు.

మా నాయన పోయినాక కోవూరు వైపు నా వాటాకొచ్చిన పొలం అమ్మేశా, అప్పులన్నీ తీర్చగా 2 లక్షలు మిగిలింది. బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే ఏం వస్తుందిలే అనుకుంటా ఉన్న టైమ్‌లో కావలిలో ఒక హోటల్ హాల్లో మీటింగ్ అని పిలిచారు. స్క్రీన్ మీద చెరువులు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరగతా ఉన్న వీడియోలు చూపించారు, కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం సర్టిఫికెట్ అన్నీ ఫ్రేములు కట్టి పెట్టారు. యూనిట్ అంటే చెరువులో వాటా అంట, ఒక్కోటి లక్ష, నెలకి 4,500, మూడేళ్ళ తర్వాత అసలు వెనక్కి. నేను రెండు యూనిట్లు తీసుకున్నా, నెలకి 9 వేలు. లెక్కేస్తే ఏడాదికి 54 శాతం, ఆ లెక్క నేను ఆరోజు వెయ్యలా, కూడా వచ్చినోళ్ళెవరూ వెయ్యలా.

మనకి రొయ్య కొత్తా? టైగర్ రొయ్య రోజుల్లో తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులు ఎండబెట్టి అప్పులపాలైనోళ్ళని చూశాం, 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి మళ్ళా ఎట్టా లేచారో కూడా చూశాం. అట్టాంటి ఊళ్ళో పుట్టి నేను ఒక్క ప్రశ్న అడగలేకపోయా. చెరువులో రొయ్య పిల్ల వదిలినాక పట్టుబడికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా మేతకి, కరెంటుకి, డీజిల్‌కి పెట్టుబడి పోవటమే గానీ రూపాయి వచ్చేది ఉండదు, మరి నేను కట్టిన మొదటి నెలకే 9 వేలు ఎక్కడ నుంచి తెచ్చారు? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఈడ రొయ్య రైతులు రేటు పడిపోయి అల్లాడిపోయారు, మాకు మాత్రం ఆ నెల కూడా 9 వేలే పడింది. నేను సంతోషపడ్డా. చెరువు మీద బతికే ఏ రైతు ఇంట్లోనూ నెలనెలా ఒకే అంకె రాదని అప్పుడే గుర్తు రావాల్సింది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు సార్లు పడింది, 36 వేలు. అక్టోబర్లో ఆగింది. ముందు సర్వర్ ప్రాబ్లమ్ అన్నారు, తర్వాత ఆడిట్ అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తటం మానేశారు.

అప్పుడు బండేసుకుని అల్లూరు దాటి చెరువు దగ్గరికి పోయినా. నాకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో గట్టు మీద "యూనిట్ 14" అని ఫ్లెక్సీ ఉంది, వెనక తాడిచెట్లు రెండు. ఆ చెట్లు పట్టుకునే వెతుక్కుంటా పోయినా. చెరువు దొరికింది, నీళ్ళు లేవు, అడుగు మట్టి పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది, ఏరేటర్ ఒకటి గట్టు మీద తిరగేసి పడుంది, దాని రెక్కలకి తుప్పు. ఫ్లెక్సీ కట్టిన రెండు కర్రలు అట్టనే ఉన్నాయి, ఫ్లెక్సీ లేదు. పక్క చెరువు కాపలా ఆయన వచ్చి "మీరు కూడా 14 నంబరేనా అన్నా" అన్నాడు. కాళ్ళు వణికినాయి. ఆ చెరువు వేరే ఊరాయనదంట, రెండు పంటలు దెబ్బతిని వదిలేశాడంట, వీళ్ళు ఒకరోజు వచ్చి ఫ్లెక్సీ కట్టుకుని ఫొటోలు తీసుకుని పోయారంట, నాకంటే ముందే చాలామంది వచ్చి చూసి పోయారని చెప్పాడు.

డబ్బు పోయిన బాధ ఒకటి. దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. మనిషిని చేర్పిస్తే కట్టిందాంట్లో 4 శాతం ఇన్‌సెంటివ్ అన్నారు. మా మరదలు కూతురి ఇంజనీరింగ్ ఫీజుకని దాచింది 3 లక్షలు కట్టింది, మా వీధిలో టీకొట్టాయన లక్ష, నాతో చదువుకున్న ఎలక్ట్రీషియన్ లక్ష. నా అకౌంట్లో 20 వేలు పడ్డాయి. నేను ఇంట్లో పడుకుని ఉంటే వచ్చిన ఆ 20 వేలు రొయ్యలు అమ్మితే వచ్చినవి కాదు, ఆ ముగ్గురూ కట్టిన డబ్బులే. నాకు వచ్చిన 36 వేలు కూడా నా తర్వాత చేరినోళ్ళవే అయ్యుంటాయి. మా మరదలికి 12 వేలు ఇవ్వబోతే తీసుకోలా, వాళ్ళమ్మ చేతికిచ్చి వచ్చా. మిగతా ఇద్దరికీ నాలుగేసి వేలు ఇచ్చేశా.

కూర్చుని తినే డబ్బంతా పాపం అని నేను అనటం లేదు. మా నాయన కూడా పొలం కౌలుకిచ్చే బతికాడు, పెద్దతనంలో ఆయన చెయ్యగలిగింది అదే. కానీ కౌలు ఎవరు కడుతున్నారో, ఆ ఏడు ఆయన పంట ఏమైందో మా నాయనకి తెలుసు. 2021 నవంబర్లో పెన్నా వరదకి పొలంలో ఇసక మేటేస్తే ఆ ఏడు కౌలు సగమే తీసుకున్నాడు, మా అమ్మ గొణిగినా వినలా. అద్దె అయినా, వడ్డీ అయినా, షేర్ల మీద డివిడెండ్ అయినా అంతే, అవతల ఎవరో పని చేస్తా ఉంటారు, వాళ్ళకి మిగిలినాక మనకి కొంత వస్తుంది, ఒక ఏడు తగ్గుద్ది, ఒక ఏడు రాదు. ఎవరి కష్టం నుంచి వస్తందో చెప్పలేని డబ్బు, ఎప్పుడూ తగ్గని డబ్బు నేను తీసుకోకుండా ఉండాల్సింది.

ఇప్పుడు కట్టబోయేవాళ్ళు చూసుకోవాల్సింది. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఉద్యం ఉంటే ఆ కంపెనీ కాగితం మీద ఉందనే అర్థం, జనం దగ్గర డిపాజిట్లు తీసుకోటానికి పర్మిషన్ ఉందని కాదు. ఆ పర్మిషన్ ఎవరికుందో ఆర్‌బీఐ వాళ్ళ సచేత్ పోర్టల్‌లో చూడొచ్చు. చెరువు సర్వే నంబర్ అడగండి, ఆక్వా లైసెన్స్ ఎవరి పేరున ఉందో అడగండి, ఇవ్వకపోతే లేచి వచ్చెయ్యండి. పర్మిషన్ లేని డిపాజిట్ స్కీములని నిషేధిస్తా 2019లో కేంద్రం చట్టం తెచ్చింది, తెలిసి తెలిసి అబద్ధం చెప్పి జనాన్ని చేర్పించినోళ్ళకి కూడా దాంట్లో శిక్ష ఉంది, కాబట్టి ఇన్‌సెంటివ్ కోసం ఇంకా మనుషుల్ని వెతికేవాళ్ళు ఈ రోజే ఆపండి.

ఆల్రెడీ కట్టినోళ్ళు వాళ్ళిచ్చిన చెక్కులుంటే డేట్ చూసుకోండి, ఆ డేట్ నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వెయ్యాలి. బౌన్స్ అయితే బ్యాంక్ మెమో వచ్చిన 30 రోజుల్లో లాయర్ నోటీసు పంపాలి, ఆలస్యం చేస్తే చెక్కు కేసుకి దారి మూసుకుపోద్ది. అగ్రిమెంటు, బ్యాంక్ స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చెయ్యబాకండి.

ఈ సోమవారం నెల్లూరు ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్‌కి పోతన్నాం. మా మరదలు వస్తానంది, నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు గానీ వస్తానంది. టీకొట్టాయన కొట్టు మూస్తే ఆ రోజు గడవదని ఆయన కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి నాకిచ్చాడు. యూనిట్ 14 ఫొటో మీకు కూడా వచ్చుంటే మీ కాగితాలు తీసుకుని పొద్దున పదికల్లా ఆడికి రండి, ఒక్కొక్కరం విడిగా ఇచ్చేకంటే అందరం కలిసి ఒకే కంప్లైంట్ ఇద్దాం.