తెలిసిన ఊరా, తెలియని గ్రహమా?

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ మా బ్యాచ్ మళ్ళీ పాత గొడవే మొదలెట్టింది: థీమ్ పార్కుల్లో హారీ పాటర్ ఊరు గొప్పదా, స్టార్ వార్స్ గ్రహం గొప్పదా? మాలో ఎవరూ వెళ్ళలేదు, చూసిందంతా ఫోన్లోనే.

ఓర్లాండోలో 2010లో తెరిచిన హారీ పాటర్ ఊరు హాగ్స్‌మీడ్‌లో ఇళ్ళ కప్పుల నిండా మంచు. ఫ్లోరిడా ఎండకి కూడా అది కరగదు, కట్టిందే అలా. తెలిసిన సందులోకి నిజంగా అడుగుపెట్టడమే అక్కడి మజా. ఆ కథలో తాగే బటర్‌బీర్ గ్లాసు చేతికొస్తే రైడ్ ఎలా ఉన్నా ఫర్వాలేదు.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 2019లో వచ్చిన స్టార్ వార్స్ లోకం గెలాక్సీస్ ఎడ్జ్‌ది వేరే దారి. సినిమాల్లో ఎక్కడా చూపించని బటూ అనే గ్రహంలోని చోటుని 14 ఎకరాల్లో కట్టారు. బోర్డులు కూడా ఆ లోకపు లిపిలోనే. కోక్ సీసా గుండ్రంగా, బాంబులా ఉంటుంది. "తెలిసిన ఊరు కట్టకుండా ఇదేంట్రా?" అని మావాడి కంప్లయింట్. నాకు అదే నచ్చింది. అక్కడ కథ ముందే అయిపోలేదు, మనమూ దూరొచ్చు. సినిమాల్లోని ఫాల్కన్ అంతరిక్ష నౌకని అసలు సైజులో కట్టిన చోట మాత్రం ఇద్దరం ఒక్కటే.

ఇంత వాదనా బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగానే. వంగి దూరుతుంటే తలకి తగిలే ఆ గుండ్రటి ఇనుప ద్వారం ఫీల్ ఏ సెట్టింగుకీ రాదనుకోండి.