డీఎస్సీ టీచరా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరా?

డిగ్రీ చేతికొచ్చాక చాలా ఇళ్లలో ఇదే తర్జనభర్జన. జీతం ఒక్కటే చూసి తేల్చుకోకండి. ఇంట్లోవాళ్లతో కలిపి మీ రోజు ఎలా గడుస్తుందో కూడా చూడండి.

ఖర్చు: స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచరు) కావాలంటే రెండేళ్ల బీఈడీ, టెట్ (టీచరు అర్హత పరీక్ష), ఆపై కోచింగ్. సాఫ్ట్‌వేర్‌కు కొన్ని నెలల శిక్షణతో పని జరగవచ్చు, కానీ నగరంలో హాస్టల్ ఖర్చు మొదటి రోజు నుంచే మొదలవుతుంది.

ఎదురుచూపు: అసలు తేడా ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత పెద్ద నియామకం 2025లోనే జరిగింది, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులతో. రెండుచోట్లా ఏడేళ్లు! నోటిఫికేషన్ కోసం పెళ్లి ఆగవచ్చు. తల్లిదండ్రుల అనారోగ్యం ఆగదు. సాఫ్ట్‌వేర్‌లో ఇంత నిరీక్షణ ఉండదు. అయితే ప్రాజెక్టు ముగిసి బెంచి మీదికి వస్తే, అంటే చేతిలో పని లేకుండా ఉండిపోతే, ఉద్యోగమే పోవచ్చు.

రోజు: టీచరుకు సాయంత్రానికి ఇల్లు, వేసవి సెలవులు, మారుమూల పోస్టింగ్ అయితే తెల్లవారుజాము బస్సు. సాఫ్ట్‌వేర్‌లో అమెరికా క్లయింటు ఉంటే సరిగ్గా పిల్లల అన్నాల వేళకే కాల్.

పింఛను: 2004 సెప్టెంబరు నుంచి చేరినవారికి సీపీఎస్సే (జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం). పాత పింఛను వస్తుందనుకునే పెద్దలకు ఈ మాట ముందే చెప్పండి.

ఇంటి అప్పు నెత్తిన ఉంటే ముందు సాఫ్ట్‌వేర్. పాఠం చెప్పడం ప్రాణమైతే డీఎస్సీయే; కానీ ఖాళీగా కూర్చోకుండా ప్రైవేటు బడిలో చెబుతూ చదవండి.