హోమ్ అసిస్టెంట్‌తో తలుపు సెన్సర్లు: రెండు నెలల అనుభవం
అద్దె ఇల్లు, గోడలకు తూట్లు పెట్టకూడదు, అందుకే హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుని తలుపులకు జిగ్‌బీ సెన్సర్లు (తక్కువ కరెంటుతో పనిచేసే వైర్‌లెస్ పద్ధతివి, తలుపు తెరిస్తే పసిగడతాయి) అతికించాను. సాఫ్ట్‌వేర్ ఉచితం, నెట్ పోయినా ఇంట్లో సైరన్ మోగుతుంది, నాకు బాగా నచ్చింది అదే. మొదటి వారం మాత్రం నరకం. వెనక తలుపు సెన్సర్ రోజుకు నాలుగుసార్లు కనెక్షన్ వదిలేసేది, బ్యాటరీ మార్చాను, మళ్లీ జత చేశాను, ఊహూఁ. తీరా చూస్తే సెన్సర్ల సిగ్నల్ అందుకునే డాంగిల్‌ని నేరుగా కంప్యూటర్ యూఎస్‌బీ 3.0 పోర్టుకు పెట్టాను, ఆ పోర్టు నుంచి వచ్చే రేడియో రొద జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొడుతుందట! ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చాక మళ్లీ ఒక్కసారి కూడా పోలేదు. కరెంటు కోతలుంటే చిన్న యూపీఎస్ ముందే కొనండి. రాత్రి అమ్మ ఒక్కతే ఉన్నా ఇప్పుడు నాకు టెన్షన్ లేదు, తలుపు కదిలితే ఫోన్ మోగుతుంది.