మాల్టా యాత్ర: మకాం పెద్ద దీవిలోనా, గోజోలోనా?

మధ్యధరా సముద్రంలోని దీవుల దేశం మాల్టా. దేశమంతా కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. అయినా వీపున సంచితో తిరిగేవారికి మొదటి చిక్కు మకాం దగ్గరే వస్తుంది.

పెద్ద దీవిలో విమానాశ్రయం ఉంది, హాస్టళ్లున్నాయి, రాజధాని వల్లెట్టా నుంచి నలువైపులకూ బస్సులున్నాయి. పబ్బులు, క్లబ్బులతో హోరెత్తే సెయింట్ జూలియన్స్‌లో దిగితే మాత్రం రాత్రి నిద్ర మీద ఆశ వదులుకోవాలి. వేసవిలో కిక్కిరిసిన బస్సులు స్టాపులో ఆగకుండానే వెళ్లిపోతాయి.

పక్క దీవి గోజో 67 చదరపు కిలోమీటర్ల పల్లెసీమ. నడిచేవారికి ఇదే స్వర్గమని నా పక్షపాతం. ఈజిప్టు పిరమిడ్లకన్నా పాతవైన జ్గంతియా ఆలయాలు, రమ్లా తీరంలో ఎర్రని ఇసుక, ష్వేయ్ని దగ్గర రాతిలో తొలిచిన ఉప్పుమళ్లు, అన్నీ కాలినడకన చూడవచ్చు. పాత ఫొటోల్లోని సముద్రపు రాతిద్వారం కోసం వెతకవద్దు. అది 2017 మార్చిలో కూలిపోయింది. ఇక్కడ బస్సులు తక్కువ, దాదాపు అన్నీ గోజో ముఖ్యపట్టణం విక్టోరియాలోనే మారాలి.

పెద్ద దీవి ఉత్తర కొసనున్న చిర్కెవ్వా రేవు నుంచి గోజోకు ఓడలో సుమారు 25 నిమిషాలు. తమాషా ఏమిటంటే, వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడే డబ్బు కట్టాలి.

వారం రోజులుంటే నేనైతే నాలుగు రాత్రులు గోజోకే ఇస్తాను. మూడు రోజులే అయితే వల్లెట్టా దగ్గరే ఉండండి.